జబ్బు చుట్టరికం

షుగరుందని చెప్పగానే అవతలివాళ్ళు "ఎలా వచ్చింది?" అంటారు. మన జవాబు కోసం ఆగరు, జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది. మనిషి లావుగా ఉంటే తిండి. సన్నగా ఉంటే టెన్షన్. అమ్మకో నాన్నకో ఉంటే వంశం. ఇంట్లో ఎవరికీ లేకపోతే నడక లేదు, నిద్ర లేదు, వేళకి దేవుడికి దండం పెట్టడం లేదు. తీర్పు అయ్యాక శిక్ష ఉండాలి కదా, కాకరకాయ రసం చెబుతారు. కాకర వద్దంటే నేరేడు గింజల పొడి, అదీ వద్దంటే తిప్పతీగ, కుండీలో పెంచుకోమని ఇన్సులిన్ మొక్క. ఒకసారి పరామర్శకు వెళ్ళిన ఇంట్లో, ఫొటోకి వేసిన దండ ఇంకా వాడనే లేదు, దూరపు చుట్టమొకావిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, మెంతులు రాత్రి నానబెట్టాలి తప్ప పొద్దున నానబెడితే గుణం ఉండదని విడమరిచి చెప్పింది. పోయినాయన కూడా మెంతి నీళ్ళు తాగినవాడే.

మా పెద్దనాన్నగారి అబ్బాయి అయితే ఎక్కడినుంచో పొడపత్రి ఆకులు తెచ్చి దగ్గర కూర్చుని నమిలించాడు. విడ్డూరమే, కాదనను. ఆకు నమిలాక నోట్లో వేసుకున్న పంచదార ఇసకలా తగిలింది. నాలిక మీద తీపి తెలిసే చోట్లని ఆ ఆకు కాసేపు మూసేస్తుంది. "చూశావా, షుగర్ పోయింది!" అన్నాడు అన్నయ్య. నాలిక మీద పోయింది. వేలి చివర పొడుచుకుని మిషన్లో చూస్తే ఉన్నచోటే ఉంది.

సలహాలిచ్చేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కొన్ని మంచివే. కొర్రన్నంలోకి పప్పుచారు చాలా బాగుంటుంది, జబ్బు లేనివాళ్ళు కూడా తినొచ్చు. నా ఫిర్యాదల్లా ఆ మొదటి ప్రశ్న మీదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, ఆ అంచున నిలబడ్డవాళ్ళు మరో 13 కోట్ల పైచిలుకు. ఇంతమందీ దొంగచాటుగా కాజాలు తినే తెచ్చుకున్నారా? పుట్టుకతో వచ్చిన జన్యువులు, పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు, మూడుపూటలా తెల్లన్నం, కుర్చీ వదలని ఉద్యోగాలు, అన్నీ కలిసి చేసిన పని ఇది. ఇందులో నా వాటా ఎంతో తేల్చడానికి పెళ్ళి భోజనాల వరస తగిన చోటు కాదు.

ఈ జబ్బు వచ్చాక ఒక కొత్త రకం చుట్టాలు దొరికారు. అందరిదీ షుగరే కానక్కరలేదు. కీళ్ళు, కిడ్నీ, ఆస్తమా, మూర్ఛ, ఏదైనా సరే, పోయేది కాదని తెలిసి దాంతోనే కాపురం చేస్తున్నవాళ్ళు. వీళ్ళు ఒకరినొకరు "ఎలా వచ్చింది?" అని అడగగా నేను దాదాపు వినలేదు. "ఎలా నెట్టుకొస్తున్నారు?" అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకి జవాబు చెబుతుంటే మనిషికి సిగ్గుండదు, పైగా కాస్త పనితనం చూపించుకున్న తృప్తి కూడా ఉంటుంది.

భీమవరం పక్కన ఒక కళ్యాణమండపంలో ఇలాంటి చుట్టమొకరు తగిలారు. రాత్రి ముహూర్తం. ఆడపెళ్ళివారి గదిలో నగల పెట్టెలకీ పూలబుట్టలకీ మధ్య, డెబ్బై దాటిన పెద్దావిడ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చిన్న ఫ్లాస్కు మూత తీసి అందులోంచి ఇన్సులిన్ సీసా పైకి తీసింది. పాలరంగు మందు. సీసాని ఊపలేదు, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించింది. ఊపితే నురగ లేస్తుంది, నురగ లేస్తే కొలత తప్పుతుంది. సిరంజిలోకి ముందు గాలి లాగి, ఆ గాలిని సీసాలోకి ఎక్కించి, సీసాని తలకిందులు చేసి మందు లాగింది. ట్యూబులైటు కేసి ఎత్తి, గోటితో రెండుసార్లు మీటి బుడగని పైకి తోలేసింది. ఇదంతా వేళ్ళే చేస్తున్నాయి, ఆవిడ చెవి మాత్రం బయట సన్నాయి మీద ఉంది.

నన్ను చూసి కంగారుపడలేదు, నా చేతిలో కూడా ఇన్సులిన్ పెన్ను సరంజామా ఉంది గనక.

"మీది పెన్నా అమ్మా?"

"అవునండీ. రాత్రికి పన్నెండు."

"నాకు పద్నాలుగు. సీసాయే అలవాటు, ఖర్చు తక్కువ. ఎర్రమూత సిరంజి దొరకడమే కష్టంగా ఉంటోంది. మొన్న మా మనవడు నారింజ మూతది పట్టుకొచ్చాడు."

దాని భావం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలంతో ఉంటుంది, దానికి ఎర్రమూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల రకానికి. ఎర్రమూతతో లాగాల్సిన సీసాలోంచి నారింజ మూతతో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది నాలుగు యూనిట్లే. అటూ ఇటూ తారుమారైతే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది, మనిషి పడిపోతుంది. ఆవిడ అయిదో క్లాసుతో చదువు ఆపేశారట. పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఇంజనీర్లు గంపెడుమంది. ఈ లెక్క మాత్రం ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

అంతా సిద్ధం చేసుకుని, సూదికి మళ్ళీ మూత పెట్టి ఆగి, ఆవిడ అడిగింది: "భోజనాలు ఎన్నింటికిట?"

దీని సంగతి చివర్లో చెబుతాను.

మా వీధి చివర పిన్నిగారు ఒకరున్నారు. నిజంగా పిన్ని కాదు, అలా పిలవడం అలవాటయింది. ఆవిడది రుమటాయిడ్ కీళ్ళవాతం. పొద్దున్న లేచాక గంటన్నరసేపు వేళ్ళు ముడుచుకోవు. ఆవకాయ సీసా మూత తిప్పలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు. మధ్యాహ్నానికి మామూలు మనిషై వాకిట్లో నిలబడి నవ్వుతూ మాట్లాడతారు, అందుకని "మీకేం బావున్నారుగా" అంటారు అందరూ. వారానికొక్కసారి వేసుకునే మాత్ర ఉందావిడకి, మెథోట్రెక్సేట్. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకని క్యాలెండర్లో ప్రతి బుధవారం చుట్టూ ఎర్ర గుండ్రం. ఆ మాత్ర తెచ్చే ఇబ్బందులు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు. ఈ రెంటి వెనకా మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడని చెబితే పిన్నిగారు నమ్మలేదు. తోబుట్టువుల్ని స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుకి పోగొట్టుకుని, తనూ అదే జబ్బుతో మంచం పట్టి లేచినవాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందాలే ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేశాయి, దానికి అడ్డుతగిలే మందుల్నీ తయారుచేశాయి. ఆ రెండో కోవలోదే ఈ బుధవారం మాత్ర. "అయితే మందూ మనవాడిదే, విరుగుడూ మనవాడిదేనన్నమాట" అన్నారు పిన్నిగారు. ఆ తర్వాత ఆ మాత్ర మీద విసుక్కోవడం కాస్త తగ్గించారు.

పిన్నిగారూ నేనూ చెప్పులు ఒకే కొట్లో కొంటాం. ఎంసీఆర్ చెప్పులని మెత్తటి రబ్బరువి ఉంటాయి, చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. ఆవిడ కొనేది అడుగు తీసి అడుగేస్తే ప్రాణం పోతుంది గనక. నేను కొనేది మేకు దిగినా తెలియదు గనక. ఏళ్ళ తరబడి షుగరుంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. రాళ్ళు, ముళ్ళు, వేడి ఏదీ తెలియదు, చిన్న పుండు పెద్దదయ్యేదాకా చూసుకోము. అందుకని రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోమంటారు. నేను అద్దం నేలమీద పెట్టి తంటాలు పడుతుంటే, "ఇలా పెట్టు కాలు" అని పిన్నిగారు తన అరుగుమీద కూర్చునే చూసిపెడతారు. బదులుగా నేను ఆవిడ సీసాల మూతలు తీసి, మళ్ళీ గట్టిగా బిగించకుండా పెడతాను. ఇంట్లో మగవాళ్ళు ప్రేమకొద్దీ గట్టిగా బిగించేస్తారు.

అందరితోనూ ఇంత సులువుగా ఉండదు. కొందరి జబ్బు మనకి రేపటి సంగతి చెబుతున్నట్టుంటుంది. మా కోనసీమ వైపు మాస్టారు ఒకాయన డయాలసిస్ చేయించుకుంటున్నారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఆయనకీ నాలాగే షుగరు. కిడ్నీలు పాడవడానికి షుగరు పెద్ద కారణాల్లో ఒకటని నాకూ తెలుసు, నాకు తెలుసునని ఆయనకీ తెలుసు. మొదట్లో ఆయన ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు ఆడేవి కావు.

కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి బొండాం కొట్టి ఇవ్వకపోతే మర్యాద తక్కువ. పుచ్చుకోకపోతే ఇంకా తక్కువ. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళు పనికిరావు, వాటిలో పొటాషియం ఎక్కువ. పెరిగితే గుండె లయ తప్పుతుంది. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని ప్రతి ఇంట్లోనూ ఈయన చేతులు జోడించాలి. "ఒక్క గుక్కకి ఏమవుతుందండీ" అంటారు. నాకూ లడ్డూ దగ్గర అదే మాట అంటారు. మంచినీళ్ళు కూడా ఆయనకి రోజుకింతని కొలతే. పొద్దున్నే ఒక సీసా నింపి పెట్టుకుంటారు, కాఫీ తాగితే అంత మేరా సీసాలోంచి ఒంపేస్తారు. మజ్జిగైనా అంతే, చారైనా అంతే. సాయంత్రానికి సీసాలో ఏం మిగిలితే అదే ఆ రాత్రికి. ఎండాకాలం నోరెండిపోతే చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుంటారు. నీళ్ళు బాగా తాగమని చెప్పించుకునే నేను ఆయన ఎదురుగా గ్లాసెత్తాలంటే మొహమాటపడేదాన్ని. ఆయనే అన్నారు: "తాగమ్మా. నీ వాటా నువ్వు తాగు, నా వాటా నేను తాగుతాను."

ఒకరోజు ఆయన ఎడమ చెయ్యి చాపి మణికట్టు పైన వేలు పెట్టి చూడమన్నారు. డయాలసిస్ సూదులు వేయడానికి రక్తనాళాలు రెంటిని కలిపి కుట్టిన చోటది, ఫిస్టులా అంటారు. చర్మం కింద సన్నగా, ఎడతెగకుండా అదురుతోంది. పొద్దున్నే లేచి ఆ అదురు ఉందో లేదో చూసుకోవడం ఆయన మొదటి పని. లేకపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేత్తో బరువెత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు, ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. ఇదంతా ఆయన నాకు పాఠంలా వివరంగా చెప్పారు. వినగా వినగా నా భయం కాస్త సర్దుకుంది. మాస్టారిని చూస్తే నా రేపటి జబ్బు గుర్తొచ్చేది పోయి, ఇవాళ ఒక పనిని ఒద్దికగా చేసుకుపోతున్న మనిషి కనిపించడం మొదలైంది. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరిగా చేయించుకోమని చెప్పింది కూడా ఆయనే. డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా వాయిదా వేస్తూ వచ్చానేమో గానీ, ఆ చెయ్యి పట్టుకున్నాక వాయిదా వేయలేదు.

"ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న అసలు అక్కరలేదని కాదు. శాస్త్రజ్ఞులు అడగాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరూ బీపీ లేని రైతులకి, కూలీలకి కూడా. నీళ్ళని అనుమానించారు, మట్టిని, పురుగుమందుల్ని, ఎండలో చాకిరీని అనుమానించారు. ఇదమిత్థమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. పరిశోధన జరగాల్సిందే. అక్కడి జీడితోటలో పనిచేసే మనిషిని మాత్రం "నీకెలా వచ్చింది?" అని అడిగితే ఏం చెబుతాడు? డయాలసిస్‌కి ఎంత దూరం వెళ్ళొస్తున్నావు, ఆ రోజు కూలి పోతే ఇంట్లో ఎలా గడుస్తోంది అని అడిగితే చెబుతాడు.

మా చుట్టరికంలోనూ కులాలున్నాయని ఒప్పుకోవాలి. మాత్రలతో సరిపెట్టుకునేవాళ్ళు ఇన్సులిన్ వాళ్ళని చూసి "పాపం, సూదిదాకా వచ్చిందా" అంటారు, ఇన్సులిన్ ఏదో ఆఖరి మజిలీ అన్నట్టు. మా మేడ మీద అద్దెకున్న అమ్మాయి కొడుక్కి తొమ్మిదేళ్ళు, టైప్ 1. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారయ్యే కణాల మీద తిరగబడితే వచ్చే రకం. రోజుకి నాలుగు సూదులు. పరిచయమైన కొత్తలో ఆ అమ్మాయి, "మా వాడిది తినడంవల్ల వచ్చింది కాదండీ" అంది. అంటే నాది తినడంవల్ల వచ్చిందనేగా! చివుక్కుమంది. కానీ తొమ్మిదేళ్ళ పిల్లాడిని పట్టుకుని "చాక్లెట్లు ఎక్కువ పెట్టారా?" అని స్కూలు గేటు దగ్గర అడిగించుకున్న తల్లి ఇంకేం మాట్లాడుతుంది? ముందుగానే డాలు అడ్డం పెట్టుకుని తిరుగుతుంది.

వాడికి అవేవీ పట్టవు. నా పెన్ను చూశాక వాడు వేసిన ప్రశ్న ఒకటే. "అమ్మమ్మగారూ, మీకు లో అయితే ఏం తాగుతారు? నేను ఫ్రూటీ." లో అంటే షుగరు 70కి దిగువకి జారడం. చెమటలు, వణుకు, చచ్చేంత ఆకలి, మాట తడబాటు. అప్పుడు మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నోట్లో వేసుకుని ఓ పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. నేను ఒకసారి బస్టాండులో అలా గ్లూకోజ్ పొడి తింటుంటే, తెలిసినావిడే, "షుగరు పెట్టుకుని ఇదేం తిండమ్మా" అని అందరూ వినేలా కేకేసింది. ఈ కథ చెబితే వాడు పడీపడీ నవ్వాడు. వాడి కథ ఇంకొకటి ఉంది. నవంబర్ 14న స్కూల్లో అందరికీ చాక్లెట్లు పంచి, టీచరు వాడి చేతిలోది వెనక్కి తీసేసుకుంది. మనకి ఆరోజు బాలల దినోత్సవం. ప్రపంచానికంతటికీ మధుమేహ దినం కూడా అదే, ఎందుకంటే ఇన్సులిన్‌ని వెలికితీసిన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. 1922 జనవరిలో టొరంటోలో ఆ మందు మొదట ఎక్కించింది కూడా ఒక పిల్లాడికే, లియొనార్డ్ థాంప్సన్, పద్నాలుగేళ్ళు. అంతకు ముందు వైద్యమంటే పస్తులే. తిండి ఎంత తగ్గిస్తే అన్ని రోజులు ఎక్కువ బతుకుతారని కడుపు మాడ్చి ఉంచేవారు. ఆ కుర్రాడి బరువు అప్పటికి 30 కిలోలు కూడా లేదు.

అదే ఏడు ఆగస్టులో ఇన్సులిన్ మొదలుపెట్టిన మరో పిల్ల ఎలిజబెత్ హ్యూస్, అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. చావు అంచునుంచి వెనక్కి వచ్చి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని 1981 దాకా బతికింది. తనకి షుగరున్నదని మాత్రం బతికినన్నాళ్ళూ లోకానికి తెలియకుండా దాచింది. చదివినప్పుడు ఎందుకంత దాపరికం అనిపించింది. మన సంబంధాల వేటలో టైప్ 1 ఉన్న ఆడపిల్లల తల్లులు పడే అవస్థ చూశాక అనిపించలేదు. చెబితే సంబంధం దాటిపోతుంది, చెప్పకపోతే మోసం చేశారంటారు. అబ్బాయికుంటే అదే ఇంట్లో "మందులు వాడుతున్నాడు, ఏం ఇబ్బంది లేదు" అయిపోతుంది. ఈ తేడాకి వైద్యశాస్త్రంలో కారణం లేదు.

చుట్టరికం ఉందని చెప్పి "నీ బాధ నాకు తెలుసు" అనకూడదు. పిన్నిగారి పొద్దుటి వేళ్ళు నాకు తెలియవు. మాస్టారి దాహం అసలే తెలియదు. నా షుగరు ఎంత పెరిగినా నేను కడుపారా నీళ్ళు తాగగలను. తెలిసిందల్లా ఒక్కటి. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా తలలో ఒక మూల లెక్క నడుస్తూనే ఉంటుంది, దానికి పండగా లేదు, ఆదివారమూ లేదు. అది నడుస్తున్న మనిషిని గుర్తుపడతాను. మాట మధ్యలో గడియారం చూసేవాళ్ళు, సంచీలో సంచీ పెట్టుకునేవాళ్ళు, వడ్డన మొదలవగానే ఒక్క నిమిషం లేచి పక్కకి వెళ్ళొచ్చేవాళ్ళు.

ఇక ఆ పెద్దావిడ ప్రశ్న. మేం పొడుచుకునే రకం ఇన్సులిన్ వేసుకున్నాక అరగంటలో అన్నం తినాలి. తినకపోతే ఇందాక చెప్పిన "లో". అందుకని సూదులు సిద్ధం చేసుకుని ఇద్దరం గుమ్మంలో నిలబడి బంతి వేసేదెప్పుడా అని చూశాం. ఎవర్నడిగినా "అయిపోయింది, ఇదిగో కూర్చోబెట్టేస్తారు" అన్నారు. తొమ్మిదింటికి ఒకసారి అన్నారు, తొమ్మిదిన్నరకి ఒకసారి అన్నారు. అరిటాకుల కట్ట కంటపడ్డాకే ఆవిడ సూది మూత తీసింది. ఈలోగా ఓ పెళ్ళిపెద్ద మా చేతుల్లో స్వీటు పొట్లాలు పెట్టి, షుగరని చెబితే "ఒక్కటి తింటే ఏం కాదులెండి" అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

పెళ్ళి చేసేవారికి నా విన్నపం. షుగరువాళ్ళ కోసం విడిగా చక్కెర లేని స్వీటు చేయించకండి, అది ఎవరూ తినరు. శుభలేఖలో ముహూర్తం నిమిషాలతో సహా అచ్చువేయిస్తారు కదా, దాని కిందే భోజనం ఎన్నింటికో కూడా ఒక వరస వేయించండి. వేయించిన వేళకే వడ్డించండి.